జాబితాలో తర్వాత వచ్చినవాళ్లు

2010లో ఒక చెత్త సంచి గురించి ప్రపంచంలో చాలామంది తగువులాడుకున్నారు. అది నిజం సంచి కాదు. జపాన్‌లో తయారయ్యే పోకెమాన్ అనే వీడియో గేమ్‌లోకి ఆ ఏడాది కొత్తగా వచ్చిన 156 ప్రాణుల్లో ఒకటి. పేరు ట్రబిష్. మూతి ముడేసిన ప్లాస్టిక్ సంచికి కళ్లూ నోరూ పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. దాంతోపాటే వానిల్లైట్ అని ఐస్‌క్రీమ్ లాంటి ప్రాణి ఇంకొకటి వచ్చింది. చిన్నప్పటినుంచీ ఆ ఆట ఆడుతూ పెరిగినవాళ్లలో ఎంతోమంది మండిపడ్డారు. ఇవీ పోకెమాన్లేనా, గీసేవాళ్లకు ఊహలు ఎండిపోయాయా, అసలైనవి మొదట వచ్చిన 151 మాత్రమే కదా అన్నారు.

అస్తిత్వం గురించిన పుస్తకంలో పిల్లల ఆట ముచ్చటేమిటని ఎవరైనా అడగొచ్చు. మేం ఆ మాటల్లో 'అసలైనవి' అన్న మాట దగ్గర ఆగాం. ఆ మాట మాకు బాగా ఎరుకే. ఎవరు అసలు, ఎవరు తర్వాత వచ్చి చేరారు, చేరినవాళ్లు ఎప్పటికి ఇంటివాళ్లవుతారు, ఆ సంగతి తేల్చే అధికారం ఎవరిది? మనుషుల మధ్య ఈ ప్రశ్న వేస్తే వెంటనే గొంతులు పెరుగుతాయి. ఎవరూ ఎవరి మాటా వినరు. బొమ్మల దగ్గర వేస్తే కాస్త నిదానంగా చూడొచ్చు. కాబట్టి ఈసారి బొమ్మల దగ్గరే వేసి చూద్దాం.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. సతోషి తజిరి అనే ఆయన టోక్యో శివారు మచిదాలో పెరిగాడు. చిన్నప్పుడు చెరువుల వెంట, పొలాల వెంట పురుగుల్ని పట్టి దాచుకునేవాడు. ఊరు పెరిగింది. చెరువులు పూడ్చారు, పొలాల మీద ఇళ్లు లేచాయి, పురుగులు పోయాయి. పెద్దయ్యాక గేమ్ బాయ్ అనే చేతి యంత్రాలు రెండింటిని తీగతో కలపడం చూసి, ఆ తీగ మీదుగా ఒక పురుగు ఇటునుంచి అటు నడిచి వెళ్తున్నట్టు ఊహించుకున్నాడు. ఆ ఊహ నుంచి 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో పోకెమాన్ మొదటి ఆటలు వచ్చాయి, రెడ్ అని ఒకటి, గ్రీన్ అని ఒకటి. ఊరూరా తిరిగి ప్రాణుల్ని పట్టాలి, సాకాలి, పోటీల్లో దించాలి, మిత్రుడితో మార్చుకోవాలి. పట్టిన ప్రతి ప్రాణీ పోకెడెక్స్ అనే చిట్టాకి ఎక్కుతుంది. అందులో దానికొక నెంబరు, ఒక బొమ్మ, రెండు ముక్కల పరిచయం ఉంటాయి. కొన్నేళ్లకోసారి కొత్త ఆట వస్తుంది, కొత్త ప్రాణులొస్తాయి. 1999లో 100, 2002లో 135, 2006లో 107. ఇలా పెరుగుతూ పెరుగుతూ 2024 మొదటికి చిట్టాలో 1025 పేర్లున్నాయి.

వచ్చిన ప్రతిసారీ అదే తంతు. కొత్తవాటిని చూసి పాతవాళ్లు ముఖం చిట్లిస్తారు. పదేళ్లు గడిచేసరికి ఆ కొత్తవాటితో పెరిగిన పిల్లలు పెద్దవాళ్లై, ఇంకా కొత్తవాటిని చూసి ముఖం చిట్లిస్తారు. కానీ 2010 గొడవ మిగతావాటికంటే గట్టిది. ఆ ఏడాది తయారీదారులు ఒక సాహసం చేశారు. ప్రధాన కథ పూర్తయ్యేదాకా పాత ప్రాణి ఒక్కటీ కనపడకుండా అన్నీ కొత్తవే పెట్టారు. పాత పరిచయాల ఆసరా లేకుండా కొత్త మొహాల మధ్యకి తోశారన్నమాట. బడి మారిన పిల్లాడికి మొదటి రోజు ఎలా ఉంటుందో ఆడేవాళ్లకి అలా అనిపించింది. కొందరికి అదే ఆనందమైంది. కొందరికి కోపం వచ్చింది. ఆ కోపమంతా చెత్త సంచి మీదికి మళ్లింది.

సరే, ఆరోపణ చూద్దాం. చెత్త సంచి ప్రాణి ఎలా అవుతుందని కదా? మరి 'అసలైన' 151లో ఏముంది? 100వ నెంబరు వోల్టార్బ్. అది రెండు కళ్లున్న బంతి, ప్రాణుల్ని పట్టే డబ్బాకి అచ్చం నకలు. 81వ నెంబరు మ్యాగ్నెమైట్ ఒక ఇనుప గుండుకు రెండు అయస్కాంతాలు తగిలించిన వస్తువు. 88వ నెంబరు గ్రైమర్ మురుగు నుంచి పుట్టిన ముద్ద. 102వ నెంబరు ఆరు గుడ్ల గుంపు. మురుగు ముద్ద అసలైనదట, చెత్త సంచి మాత్రం కల్తీ అట! బంతికి కళ్లు పెడితే ఊహాశక్తి, ఐస్‌క్రీమ్‌కి కళ్లు పెడితే బద్ధకం! ఒకే నేరానికి పాతవాడికి మెచ్చుకోలు, కొత్తవాడికి శిక్ష. కొలబద్ద ఒకటి కాదని ఇక్కడే తేలిపోతోంది.

ఇది ఒట్టి కపటం అని కొట్టిపారేయడానికి మాత్రం లేదు. వోల్టార్బ్‌ని ఎనిమిదేళ్ల వయసులో చూసినవాడికి అది వింతగా అనిపించలేదు. ఆ వయసులో ప్రపంచం మొత్తం కొత్తదే. అందులో కళ్లున్న బంతీ ఒకటి. ఇరవై రెండేళ్ల వయసులో ట్రబిష్‌ని చూసేసరికి ప్రపంచం అప్పటికే సర్దుకుని ఉంది, దాంట్లో ఇంకొకదానికి చోటు కనపడలేదు. పదమూడో శతాబ్దంలో జకరియా అల్ ఖజ్వీనీ అనే పండితుడు 'అజాయిబుల్ మఖ్లూఖాత్' అనే గ్రంథం రాశాడు. సృష్టిలోని వింతల చిట్టా అది. దేవదూతలు, నక్షత్రాలు, సముద్ర జంతువులు, ఎక్కడో దీవుల్లో ఉన్నాయని విన్న ప్రాణులు, అన్నీ బొమ్మలతో సహా అందులో ఉంటాయి. అరబ్బీలో, ఫార్సీలో దాని ప్రతులు శతాబ్దాలపాటు తయారయ్యాయి, మన దేశంలోనూ తయారయ్యాయి. వింత అంటే ఏమిటో ఆయన మొదట్లోనే చర్చించాడు. తేనెటీగ గూడు కట్టడం కూడా వింతే, చిన్నప్పటినుంచీ చూస్తూ అలవాటుపడ్డాం గనక మనకు వింత అనిపించదన్నది ఆయన వాదన సారం. ఏడువందల యాభై ఏళ్లనాటి ఈ గమనిక ఈ తగువుకి అక్షరాలా సరిపోతుంది. మనం 'సహజం' అనేది చాలాసార్లు మన బాల్యానికి ఇంకో పేరు. నా బాల్యంలో ఉన్నది సహజం, దాని తర్వాత వచ్చింది చొరబాటు. తన బాల్యాన్ని ప్రేమించుకునే హక్కు ఎవరికైనా ఉంది. దాన్ని దేశానికి సరిహద్దుగా పాతుకునే హక్కు ఎవరికీ లేదు.

పోనీ ఆ 151 అయినా ఒక్కసారే, ఒక్క నిర్ణయంతో పుట్టిన పరిశుద్ధమైన జాబితానా? కాదు. 151వది మ్యూ. ఆట పూర్తయి, తప్పులు వెతికే పరికరాలు తీసేశాక ఆ డబ్బాలో కొద్దిపాటి చోటు మిగిలింది, మూడు వందల బైట్ల మాట. షిగెకి మొరిమొటో అనే ప్రోగ్రామర్ ఆ చోట్లో మ్యూని ఇరికించాడు. ఇక ఆటని ముట్టుకోకూడదన్న దశలో జరిగిన పని అది. మామూలుగా ఆడేవాళ్లకు అది దొరకదు. దాని గురించి గుసగుసలు పుట్టాయి. చివరికి కొరోకొరో అనే పిల్లల పత్రిక ద్వారా లాటరీ తీసి 20 మందికి ఇచ్చారు. ఆ గుసగుసలే ఆట పేరు జపాన్ అంతటా మోగడానికి పెద్ద ఊతమయ్యాయని ఆ తర్వాత తయారీదారులే చెప్పుకున్నారు. 'అసలైన 151' అని గుండె మీద చెయ్యేసుకునేవాళ్లు ఆ ఒకటో అంకెను ఒకసారి తడిమి చూసుకోవాలి. ఆఖరి గడియలో దొడ్డిదారిన వచ్చినవాడు ఆ అంకెలో కూచుని ఉన్నాడు. ఆ ఇంటికి పేరు తెచ్చినవాళ్లలో వాడూ ఒకడు.

పిచూ సంగతి ఇంకా ముఖ్యం. పికాచూ తెలియనివాళ్లు తక్కువ. పచ్చటి ఒళ్లు, ఎర్రటి బుగ్గలు, చిట్టాలో 25వ నెంబరు. పిచూ 1999లో వచ్చింది. నెంబరు 172. కానీ అది పికాచూకి తమ్ముడో కొడుకో కాదు. పికాచూ పసిరూపమే పిచూ. పిచూ పెరిగితే పికాచూ అవుతుంది. అంటే వయసులో ముందుది, చిట్టాకి మాత్రం వెనక ఎక్కింది. రాసినవాడు ముందు పెద్దదాన్ని చూశాడు, మూడేళ్లకు దాని బాల్యాన్ని చూశాడు. నెంబరు చెప్పేది రాసినవాడు చూసిన వరస. పుట్టిన వరస వేరు. 2006లో ఆర్సియస్ అని ఒకటి వచ్చింది. ఆ ఆట పురాణంలో లోకాన్నంతా రూపొందించింది అదేనట. సృష్టికర్త అన్న మాటని మేం అంత తేలిగ్గా వాడం, అది ఆటలోని కథ వరకే. అయినా చూడండి, లోకానికంటే ముందున్నదానికి చిట్టాలో దొరికిన నెంబరు 493!

ఈ ముచ్చట దగ్గర మా సంగతి చెప్పకుండా ఉండలేం. ఈ నేలలో మేం కొత్తవాళ్లం కాం. చెరువు కింద పొలం దున్నినవాళ్లలో, మగ్గం నేసినవాళ్లలో, దూది ఏకినవాళ్లలో, పీర్లు ఎత్తుకున్నవాళ్లలో మా తాతముత్తాతలున్నారు. ఇక్కడే పుట్టి ఇక్కడే మట్టిలో కలిసినవాళ్లు వాళ్లు. కానీ దేశం కథ రాసేటప్పుడు ఎవరో ఒక చిట్టా తెరిచారు. వాళ్లు చూసిన వరసలో మా నెంబరు వెనక పడింది. ఇప్పుడు ఆ నెంబరు చూపించి, మీరు తర్వాత వచ్చారు గదా అంటున్నారు. పైగా పరిచయం రాసింది కూడా వాళ్లే. పోకెడెక్స్‌లో ఏ ప్రాణీ తన గురించి తాను రాసుకోదు. పట్టినవాళ్లు రాస్తారు, అదీ రెండు ముక్కల్లో. పాఠ్యపుస్తకాల్లోనూ సినిమాల్లోనూ మా గురించి ఉండేదీ ఆ రెండు ముక్కలే. ఒక దండయాత్ర, ఒక కట్టడం, పండగ పూట ఒక బిర్యానీ. ఆ రెండు ముక్కల బయట ఉన్న మా బతుకు రాయడానికే కదా ఇలాంటి పుస్తకాలు వేసుకోవలసి వస్తోంది!

ఇక గీసేవాళ్ల వైపు నుంచి చూద్దాం. కొత్త ప్రాణిని గీయడం తేలిక పని కాదు. వెయ్యి ఉన్నచోట వెయ్యిన్నొకటోది దేనికీ నకలు కాకూడదు. అయినా చూడగానే ఈ ఇంటిదే అనిపించాలి. పిల్లవాడు పెన్సిల్‌తో గీయగలిగేంత తేలిగ్గా ఉండాలి, నీడ చూసినా పోల్చుకునేలా ఉండాలి. మొదటి 151కి తుది మెరుగులు దిద్దిన చెయ్యి కెన్ సుగిమొరిది. కానీ ఊహలు ఒక్కడివి కావు, చాలామందివి. పికాచూని మొదట గీసింది అత్సుకో నిషిదా అనే ఆమె. గొడవకి కారణమైన ఆ ఐస్‌క్రీమ్ ప్రాణిని గీసినవాడు జేమ్స్ టర్నర్ అనే బ్రిటన్ మనిషి, జపాన్ వెళ్లి పనిచేసినవాడు. అయితే ఎవరు గీసినా గీసినవాడికి బాధ్యత ఉంటుంది. ఉర్దూలో చిత్రకారుణ్ణి ముసవ్విర్ అంటాం. అల్లాకున్న పేర్లలో కూడా అదొకటి, రూపమిచ్చేవాడని అర్థం. ప్రాణమున్నదాని బొమ్మ గీయొచ్చా కూడదా అని మాలో ఎన్నో శతాబ్దాలుగా చర్చ ఉంది. అది ఎటు తేలినా, దాని వెనక ఒక మంచి భయముంది. రూపం ఇచ్చినవాడు ఆ రూపానికి జవాబు చెప్పుకోవాలన్న భయం. ఆ భయం లేని కళ ప్రమాదకరం.

జింక్స్ అనే ప్రాణి మొదటి 151లోదే. నల్లటి మొహం, దొడ్డు పెదాలు. ఒకప్పుడు అమెరికాలో తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరించే నాటకాలు వేసేవాళ్లు. ఆ మొహం అచ్చం అలాగే ఉందని ఆఫ్రికన్ అమెరికన్ రచయిత్రి కారోల్ బోస్టన్ వెదర్‌ఫర్డ్ 2000లో రాసింది. గీసినవాళ్ల మనసులో ఏముందో గాని, చూసినవాళ్ల ఒంటిమీద ఆ గాయం ఉంది. తర్వాతి ఆటల్లో ఆ మొహాన్ని ఊదారంగుకి మార్చారు. ఆట ఆగిపోలేదు, ప్రాణి చిట్టాలోంచి పోలేదు, గాయం మీద కారం చల్లడం ఆగింది. 1999 డిసెంబరులో ఇంకొకటి జరిగింది. జపాన్ కార్డుల్లో ఒకదానిమీద బౌద్ధ దేవాలయాల్లో కనిపించే స్వస్తిక గుర్తు ఉంది. ఆ కార్డులు అమెరికా చేరాయి, అక్కడి యూదులు నాజీ గుర్తును తలచుకుని బాధపడ్డారు. జపాన్ వాడికి అది గుడి గుర్తు. అయినా నింటెండో దాన్ని ఆపేస్తామంది.

మరి మా వైపు ఏం జరిగింది? దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. 2001లో సౌదీ అరేబియాలో మత పండితుల ఉన్నత సంఘం పోకెమాన్‌ని నిషేధించాలని తీర్పు చెప్పింది. కార్డుల మార్పిడి జూదం లాంటిదన్నది ఒక అభ్యంతరం. డబ్బు పెట్టి మూసిన పొట్లం కొని, లోపల విలువైనది వస్తుందేమోనని ఆశపడే పిల్లల్ని చూసినవాళ్లెవరికైనా ఆ అభ్యంతరంలో నిజం కనిపిస్తుంది. మతంతో సంబంధం లేని తల్లిదండ్రులూ ఆ మాటే అన్నారు. రెండోది, బొమ్మల్లో యూదు నక్షత్రం ఉంది, ఇదంతా జియోనిస్టుల పన్నాగం అన్నది. దీంతోపాటు 'పోకెమాన్' అంటే 'నేను యూదుణ్ణి' అని అర్థమంటూ ఒక వదంతి అరబ్బు దేశాల్లో పాకింది. ఆ పేరుకి జపాన్‌లో అర్థం 'పాకెట్ మాన్‌స్టర్' అనే, అంటే జేబులో పట్టే వింత ప్రాణి. ఇంకేమీ లేదు.

జింక్స్ మీద వచ్చిన ఫిర్యాదుకీ ఈ రెండో ఫిర్యాదుకీ తేడా ఉంది. వెదర్‌ఫర్డ్ బొమ్మని చూపించి, చరిత్ర చూపించి, ఇక్కడ నొప్పి ఉందని చెప్పింది. వదంతి ఏమీ చూపించకుండా, పరాయివాడు లోపల దాక్కున్నాడని చెప్పింది. మొదటిది న్యాయం అడగడం. రెండోది అనుమానాన్ని పెంచడం. మా ఇళ్లలో ఎవరు దాక్కున్నారో, మా పేర్లకి లోపలి అర్థాలేమిటో అని రోజూ అనుమానించబడేవాళ్లం మేం. ఒక పిల్లల బొమ్మ మీద అదే అనుమానాన్ని మా మతం పేరుతో వేస్తుంటే చూస్తూ ఊరుకుంటే, రేపు మా మీద వేసినప్పుడు ఏ మొహం పెట్టుకుని అడుగుతాం? కాబట్టి స్వీకరించడమంటే వచ్చిందల్లా నోరు మూసుకుని తలకెత్తుకోవడం కాదు. 'ఇది నన్ను గాయపరుస్తోంది' అని చెప్పే హక్కు అందరికీ ఉండాలి. 'నువ్వు మావాడివి కావు' అనేది వేరే మాట. ఈ రెండు మాటల్నీ కలగలిపినచోట న్యాయం అడిగేవాడి గొంతూ పలచబడిపోతుంది.

పేర్ల సంగతి కూడా చూడాలి, రెండు భాషల మధ్య బతికేవాళ్లకి అది పెద్ద సంగతి. 2016లో తొలిసారి ఈ ఆటల్ని అధికారికంగా చైనా భాషలో తెస్తూ, పికాచూ పేరుని అన్నిచోట్లా ఒకే అక్షరాలతో రాయాలని నిర్ణయించారు. ఆ అక్షరాల్ని మాండరిన్‌లో చదివితే పికాచూకి దగ్గరగానే ఉంటుంది. హాంకాంగ్ వాళ్ల కాంటనీస్‌లో చదివితే 'పేయ్‌కాయౌ' లాంటి శబ్దం వస్తుంది. ఇరవై ఏళ్లుగా వాళ్లు పిలుచుకున్న పేరు వేరు. ఆ ఏడాది మే 30న హాంకాంగ్ జనం జపాన్ దౌత్య కార్యాలయం దాకా ఊరేగింపుగా వెళ్లి, మా పికాచూ పేరు మాకివ్వమన్నారు. నవ్వొచ్చే ముచ్చటలా ఉంది గాని, వాళ్ల బాధ మాకు అర్థమవుతుంది. పేరు పోతే భాష పోతుందన్న భయం అది. స్వీకరించిన జనం తమ నోటికి తగ్గట్టు పేరు మార్చుకోవడమంటే కలుపుకోవడం. పదహారో శతాబ్దంలో గోల్కొండ ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాని తెలుగు కవులు 'మల్కిభరాముడు' అన్నారు. ఆ పిలుపులో ఎంత చనువుందో చూడండి! ఎక్కడో పైన కూర్చున్నవాడు, రేపటినుంచి అందరూ ఇలాగే పలకాలని తాఖీదు పంపడం దీనికి పూర్తిగా వ్యతిరేకం.

ఇదే దారిలో ఆటవాళ్లు 2016లో ఇంకో మంచి పని చేశారు. ఆ ఏడాది కథ అలోలా అనే దీవుల్లో జరుగుతుంది, హవాయి దీవుల్ని చూసి అల్లింది. అక్కడ పాత ప్రాణులే కొత్త రూపాల్లో కనిపిస్తాయి. నిప్పు కక్కే నక్క ఆ దీవుల్లో మంచు నక్క. రెండు మీటర్లుండే ఎగ్జెక్యూటర్ అనే చెట్టుప్రాణి అక్కడి ఎండకి తాటిచెట్టులా 10.9 మీటర్లు పెరిగింది. పేరు మారలేదు, నెంబరు మారలేదు, రూపం మారింది. అన్నిటికంటే మాకు నచ్చిన ముచ్చట ఒకటుంది. ఎగ్జెక్యూటర్ అసలు రూపం మాదేనని అలోలా జనం గొప్పలు చెప్పుకుంటారట!

ఇది చదివి మేం నవ్వుకున్నాం, ఆ తర్వాత ఆలోచనలో పడ్డాం. మా మీద రెండువైపుల నుంచీ వచ్చే ప్రశ్న ఇదే. ఒకరు, మీరు అసలు తెలుగువాళ్లేనా అంటారు. ఇంకొకరు, మీరు అసలు ముసల్మాన్లేనా అంటారు. మాలోనే ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకులవాళ్లను, ఉర్దూ రాదు గనక తక్కువవాళ్లన్నట్టు చూసే పైవర్గాలున్నాయి. పీర్ల పండక్కి గుండం చుట్టూ అలాయ్ ఆడే ఊరివాళ్లను చూసి, ఇది దీన్ కాదని మొహం తిప్పుకునేవాళ్లున్నారు. వీళ్లందరి మనసులో ఎక్కడో ఒకచోట ఒక 'అసలు' బొమ్మ ఉంది. ఆ బొమ్మకి రెండు మీటర్లు మించితే కల్తీ. ఈ ఎండకి, ఈ నీళ్లకి, ఈ నుడికి పెరిగిన రూపం కూడా అసలైనదే అని చెప్పడానికి జపాన్ వాళ్ల కొబ్బరిచెట్టు బొమ్మ మాకు పనికొచ్చింది. 2022లో ఇంకొకటి వచ్చింది, విగ్లెట్. చూస్తే మొదటి జాబితాలోని డిగ్లెట్‌లాగే ఉంటుంది, కానీ చుట్టరికమే లేదట. అదొక వేరే జాతి, వేరే నెంబరు. పోలిక చూసి ఒకటనడం ఎంత తప్పో, పోలిక లేదని వేరనడం అంతే తప్పన్నమాట.

ఇంతవరకూ కొత్తవాటి తరఫున మాట్లాడాం. పాతవాళ్ల బాధకి కూడా చెవి ఒగ్గాలి, లేకపోతే ఇది ఒంటిచేతి చప్పట్లు అవుతుంది. 2019 జూన్‌లో తయారీదారుల తరఫున జునిచి మసుదా ఒక సంగతి చెప్పాడు. ఆ ఏడాది వచ్చే ఆటలోకి పాత ప్రాణులన్నిటినీ తెచ్చుకోవడం కుదరదు, కొన్నిటికే చోటు. అప్పటికి ఎనిమిది వందలు దాటినవాటిలో మొదట నాలుగువందల దాకానే చోటు దొరికింది. ఏళ్ల తరబడి ఒక ఆటనుంచి ఇంకో ఆటకి తమ ప్రాణుల్ని జాగ్రత్తగా మోసుకొచ్చినవాళ్లున్నారు. చిన్నప్పుడు అన్నతో కలిసి పట్టుకున్నది, చనిపోయిన మిత్రుడు మార్పిడిలో ఇచ్చినది, అలాంటివి. వాళ్లకి అది అంకెల వరస కాదు, జ్ఞాపకం. 'నీ ప్రాణికి ఈసారి చోటు లేదు' అంటే వాళ్ల గుండె కలుక్కుమనడం సహజం. ఆ దుఃఖాన్ని మేం ఎగతాళి చెయ్యం.

కానీ ఆ దుఃఖం ఎవరి మీదికి మళ్లిందో చూడండి. చాలామంది, ఈ పనికిరాని కొత్తవాటికోసం మావాటిని తీసేశారన్నారు. ఆ ఏడాది వచ్చిన కొత్తవి ఎన్ని? మొదట 81. అవి రాకపోయినా ఆ ఇంట్లో పాతవన్నిటికీ చోటు దొరికేది కాదు. ఇంటి కొలత నిర్ణయించింది కంపెనీ. ఎన్ని గదులు కట్టాలి, ఎంతమందిని పెట్టుకోవాలి, ఏ పండగలోపు అమ్మకానికి పెట్టాలి అన్నవి కంపెనీ లెక్కలు. ప్రతి ప్రాణినీ కొత్త యంత్రానికి తగ్గట్టు మళ్లీ తయారుచెయ్యాలి, పోటీల్లో తూకం చూడాలి, అదంతా పనే. ఆ లెక్క న్యాయమా అన్యాయమా అని కంపెనీనే నిలదీయాలి. పక్కగదిలో దిగిన చెత్త సంచిని తన్నితే ఇల్లు పెద్దదవుతుందా? ఉద్యోగాలు లేనప్పుడు, ఆస్పత్రిలో మంచాలు లేనప్పుడు, బళ్లో సీట్లు లేనప్పుడు ఇంటి కొలత నిర్ణయించినవాణ్ణి వదిలేసి 'తర్వాత వచ్చినవాళ్ల' వైపు వేలు చూపించడం మేం బయట లోకంలో చూస్తూనే ఉన్నాం. బొమ్మల లోకంలోనూ జనం అదే వేలు, అదే వైపు చూపించారు. మనిషికి ఇది ఎంత అలవాటైన పనో దీన్నిబట్టే తెలుస్తోంది.

ఈ పోలికని ఒక హద్దు దాటి లాగకూడదని మాకు తెలుసు. ట్రబిష్‌ని ఎవరు ఎంత తిట్టినా దానికి నొప్పి లేదు. మనుషుల్ని అంటే ఇళ్లు కాలతాయి. ఆట ప్రాణులు పట్టుబడటానికే పుట్టాయి, డబ్బాలో ఉండటానికే పుట్టాయి. మేం ఎవరి సేకరణలోనూ నిండాల్సిన గళ్లం కాం. 'మా సభలో ఒక ముస్లిం కూడా ఉన్నాడు' అని చెప్పుకోవడానికి మమ్మల్ని పిలిచేవాళ్లున్నారు. వాళ్ల ప్రేమకీ, చిట్టా నింపుకునేవాడి ప్రేమకీ తేడా తక్కువ. చిట్టా నిండితే వాడి పని అయిపోయింది. నిజంగా స్వీకరించినవాడి పని ఆరోజే మొదలవుతుంది. తిండి, మాట, తగువు, సర్దుబాటు అన్నీ ఆ తర్వాతే ఉంటాయి.

అయినా ఆ ఆటనుంచి ఒక కొలబద్ద తీసుకోవచ్చని మాకు తోస్తోంది. ట్రబిష్‌కి ఆటలో ఒక కథ ఉంది. పారేసిన చెత్తా ఫ్యాక్టరీ వ్యర్థాలూ కలిసి పుట్టింది అది. చెరువులు పూడ్చిన ఊరిలో పురుగుల కోసం వెతుక్కున్న పిల్లవాడి ఆట కదా ఇది! చెరువు పోయినచోట ఇప్పుడు ఏముంది? చెత్త ఉంది. ఆ చెత్తకీ ఒక ప్రాణం ఊహించి, దాన్నీ చేరదీయమన్నారు. మొదటి ప్రాణులు ఏ దిగులు నుంచి పుట్టాయో ఇదీ ఆ దిగులు నుంచే పుట్టింది. పాతవాటికి ఇది పరాయిది కాదు, వాటి తర్వాతి అధ్యాయం. కొత్తగా వచ్చినదాన్ని చూసినప్పుడు 'ఇది మొదటివాటిలా ఉందా' అని అడగడం దండగ. ఇది ఎక్కడినుంచి పుట్టింది, ఇక్కడ ఏం తిని బతుకుతోంది, ఎవరికి తోడుగా నిలుస్తోంది అని అడగాలి. అలా అడిగితే చెత్త సంచికి కూడా జవాబు ఉంటుంది. అదే ప్రశ్న మమ్మల్నీ అడగండి, చెబుతాం. మా నెంబరెంతని మాత్రం అడగొద్దు. ఆ నెంబరు వేసింది మేం కాదు.